చూపు లేనివారు, చూపు తక్కువైనవారు రాసే వృత్తి సర్టిఫికేషన్ పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకింగ్, బీమా, అకౌంటెన్సీ, సాఫ్ట్‌వేర్ రంగాల్లో ఉద్యోగం దొరకాలన్నా, ఉన్న ఉద్యోగంలో ఒక మెట్టు పైకెక్కాలన్నా ఏదో ఒక సర్టిఫికేషన్ పరీక్ష తప్పదు. కంటిచూపు లేనివారికి అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం ప్రశ్నల్లో కాక, వాటి చుట్టూ ఉండే ఏర్పాట్లలోనే ఉంటుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల నా చూపు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. మొదట పెద్దక్షరాల ప్రశ్నపత్రంతో, ఆ తర్వాత స్క్రైబ్‌తో (ప్రశ్న చదివి వినిపించి, మనం చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషి), ఇప్పుడు స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పరీక్షలు రాస్తున్నాను. ఫోన్లో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందున, అడిగినవారి మాటల్లోనే వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాను.

## అర్హత, ధ్రువపత్రాలు

నాకు చూపు పూర్తిగా పోలేదు, అద్దాలు పెట్టుకుంటే కొంచెం కనిపిస్తుంది. నేను కూడా స్క్రైబ్, అదనపు సమయం వంటి సౌకర్యాలు అడగవచ్చా?

అడగవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వాన్ని, అల్పదృష్టిని విడివిడిగా నిర్వచించింది. అద్దాలు పెట్టుకున్న తర్వాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటే (మామూలు చూపుకు 60 మీటర్ల దూరం నుంచి కనిపించేది 3 మీటర్ల నుంచే కనిపించడం) తక్కువగా ఉన్నా, దృష్టిక్షేత్రం (చూపు కదపకుండా ఒకేసారి కనిపించే పరిధి) 10 డిగ్రీల కంటే కుంచించుకుపోయినా అది అంధత్వం కిందికి వస్తుంది. చూపు 6/18 నుంచి 3/60 మధ్య ఉన్నా, దృష్టిక్షేత్రం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉన్నా అది అల్పదృష్టి. ఎదురుగా ఉన్న చిన్న అక్షరం చదవగలిగి, పక్కన నిలబడిన మనిషిని చూడలేనివారు మనలో ఎందరో ఉన్నారు. అలాంటివారు అక్షరాల పట్టిక పరీక్షతోనే ఆగిపోకుండా దృష్టిక్షేత్ర పరీక్ష కూడా చేయించుకుని, ఆ నివేదికను దగ్గర ఉంచుకోవాలి. చూపు ఉన్నట్టే కనిపించేవారిని పరీక్షా కేంద్రంలో ఎక్కువగా అనుమానిస్తారన్నది నా అనుభవం.

ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగానే ఉంది. 40 శాతం లేదంటున్నారు. ఇక ఆశ వదులుకోవాలా?

ఒక కన్ను సాధారణంగా ఉండి రెండో కన్ను పూర్తిగా పోయినవారికి ప్రస్తుత మదింపు పద్ధతిలో 30 శాతం వైకల్యమే వస్తుంది. ఉద్యోగ రిజర్వేషన్‌కు 40 శాతం తప్పనిసరి కనుక ఆ కోటా వర్తించదు. అయితే పరీక్షలో ఇచ్చే సౌకర్యం, రిజర్వేషన్ ఒకటి కావు. వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న ఈ తేడానే స్పష్టం చేస్తూ, స్క్రైబ్ సౌకర్యాన్ని 40 శాతం ఉన్నవారికే పరిమితం చేయడం కుదరదని చెప్పింది. దరిమిలా 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం 2022 ఆగస్టు 10న కేంద్రం ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఒంటికన్నుతో హాయిగా చదవగలిగేవారు స్క్రైబ్ కోసం పట్టుబట్టే కంటే, కన్ను అలసిపోతుందన్న వైద్యుని లేఖతో అదనపు సమయమో, పెద్ద తెరో అడగడమే మేలని నా అభిప్రాయం.

సదరం సర్టిఫికెట్ ఉంది కదండీ, అది చాలదా?

పరీక్ష ఎవరు పెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ సదరం ధ్రువపత్రం పింఛను వంటి పథకాలకు బాగా పరిచయమైనదే కానీ, దేశవ్యాప్తంగా జరిగే పరీక్షల్లో సాధారణంగా యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు) అడుగుతారు కనుక దాన్ని కూడా ముందే తీసుకోవాలి. విదేశీ సంస్థలు నిర్వహించే సాఫ్ట్‌వేర్, మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ల దారి వేరు. ధ్రువపత్రంలోని '80 శాతం వైకల్యం' అన్న అంకె వారికి ఏమీ చెప్పదు. తెర మీద ఎంత పెద్ద అక్షరం కావాలి, ఏకధాటిగా ఎన్ని నిమిషాలు చదవగలరు, ఏ వెలుతురు పడదు, రోజువారీ పనిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు అన్న వివరాలతో కంటి వైద్యుని లేఖ ఉండాలి. లో విజన్ విభాగం ఉన్న ఆసుపత్రిలో అడిగితే ఇలాంటి లేఖ రాయించుకోవడం తేలిక.

## దరఖాస్తు దశ

ఫారమ్ అంతా నింపాక క్యాప్చా దగ్గర ఆగిపోతున్నాను. ఫొటో తీసేటప్పుడు కళ్లు ఆర్పమంటోంది. ఏం చేయాలి?

క్యాప్చాకు (మనిషేనని రుజువు చేసుకోవడానికి బొమ్మలోని వంకర అక్షరాలు చదివి కొట్టమనే గడి) శబ్దరూపం ఉందేమో ముందు వెతకాలి. లేకపోతే తెర చిత్రం తీసి, ఏ తేదీన ఏ సమయానికి ఎక్కడ ఆగిపోయారో రాసి, గడువు ముగియకముందే సహాయ కేంద్రానికి ఈమెయిల్ పంపాలి. ఎవరి చేతనైనా ఫారమ్ పూర్తి చేయించుకోవడంలో తప్పు లేదు కానీ, ఈమెయిల్ మాత్రం మానకూడదు. ఫిర్యాదు నమోదు కాకపోతే ఆ అడ్డంకి ఉన్నట్టే లెక్కలోకి రాదు. కళ్లు ఆర్పి చూపించే పద్ధతిపై సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. అది డిజిటల్ కేవైసీకి, అంటే ఆన్‌లైన్‌లో ఖాతాదారు గుర్తింపును నిర్ధారించే పద్ధతికి సంబంధించిన కేసు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని, ప్రత్యామ్నాయ పద్ధతులు ఉండాలని అందులో చెప్పారు. పరీక్షా సంస్థకు రాసే లేఖలో ఆ తీర్పును ప్రస్తావించడం ఉపయోగపడుతుంది.

ముందు పరీక్ష తేదీ ఖాయం చేసుకుని, తర్వాత సౌకర్యాలు అడిగితే సరిపోతుందా?

అంతర్జాతీయ సర్టిఫికేషన్లలో అలా చేయకూడదు. సౌకర్యాలకు అనుమతి వచ్చిన తర్వాతే తేదీ, కేంద్రం ఎంచుకోవాలన్నది పియర్సన్ వ్యూ వంటి, ఇతరుల తరఫున పరీక్షలు నిర్వహించే సంస్థల పద్ధతి. ముందే తేదీ తీసుకుంటే ఆ స్లాట్‌లో సౌకర్యాలు వర్తించవు. రద్దు చేసుకుని మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. మన దేశంలోని సంస్థలు అయితే స్క్రైబ్ కావాలా, అదనపు సమయం కావాలా అన్నది దరఖాస్తు ఫారమ్‌లోనే అడుగుతాయి. ఆ గడిలో 'వద్దు' అని పడితే తర్వాత మార్పించడం గగనమే కనుక, ఇంకా తేల్చుకోకపోయినా 'కావాలి' అనే పెట్టండి. అనుమతి పత్రంలో 'అకామడేషన్ (సౌకర్యం) మంజూరైంది' అన్న ఒక్క వాక్యం ఉంటే చాలదు. ఎన్ని నిమిషాలు, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, విడి గది ఉందా లేదా అన్నవి రాతపూర్వకంగా ఉండాలి.

అదనపు సమయం లెక్క ఎలా కడతారు?

2018 ఆగస్టు 29న కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. రెండు గంటల పరీక్షకు 40 నిమిషాలు, మూడు గంటల పరీక్షకు గంట వస్తుంది. స్క్రైబ్‌ను వాడుకోని బెంచ్‌మార్క్ వైకల్యం (40 శాతం, ఆపైన) ఉన్నవారికి కూడా ఇది ఇవ్వవచ్చునని అందులోనే ఉంది. 'స్క్రైబ్‌ను తెచ్చుకోలేదు కాబట్టి అదనపు సమయం లేదు' అని ఎవరైనా అంటే ఆ భాగాన్నే చూపించాలి. విదేశీ సంస్థలు ఈ సూత్రాన్ని పాటించవు. అక్కడ సగం సమయం అదనంగానో, రెట్టింపు సమయమో మీ వైద్యుని లేఖను బట్టి ఇస్తారు. స్క్రీన్ రీడర్‌తో పొడవైన ప్రశ్నను రెండుసార్లు వినవలసి వస్తుంది కనుక, మీకు ఎంత సమయం కావాలో ఇంట్లో ఒక మాదిరి పరీక్ష రాసి కొలుచుకున్న తర్వాతే అడగడం మంచిది.

## చదువు, సాధన

కోచింగ్ సెంటర్ ఇచ్చిన తెలుగు పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ పిచ్చిపిచ్చిగా చదువుతోంది. నా ఫోన్లో లోపమా?

లోపం ఫోన్లో లేదు, ఫాంటులో ఉంది. తెలుగు ముద్రణారంగంలో ఎన్నో ఏళ్లుగా 'అను' వంటి, యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లన్నీ గుర్తించే సొంత సంకేతం ఇచ్చే పద్ధతి) కాని ఫాంట్లు వాడుతున్నారు. చూసేవారికి అది చక్కటి తెలుగే. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కావడంతో స్క్రీన్ రీడర్ వాటినే వల్లిస్తుంది. పేజీలను ఫొటోలు తీసి పీడీఎఫ్‌గా కట్టినవైతే అసలు నోరే విప్పదు. ఆ ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తించి యూనికోడ్‌లోకి మారుస్తుంది. ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి సెక్షన్ నంబర్లు, శాతాలు, తేదీలు మాత్రం చూపున్న మనిషి చేత ఒకసారి సరిచూపించుకోండి. 'సెక్షన్ 138' కాస్తా 'సెక్షన్ 188'గా మారిన పుస్తకం నేను రెండు నెలలు చదివాను.

పుస్తకాన్ని స్కాన్ చేసి వాడుకుంటే కాపీరైట్ సమస్య రాదా?

రాదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ముద్రిత అక్షరం చదవలేని దివ్యాంగులు తమ వాడకం కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చుకోవచ్చు. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యులై, కావలసిన పుస్తకం ఉందేమో ముందు చూసుకుంటే స్కానింగ్ శ్రమ తప్పుతుంది.

పట్టికలు, గ్రాఫులు ఉన్న ప్రశ్నలు వస్తే వదిలేయడమేనా?

గ్రాఫు, బొమ్మ వంటి చూసి చెప్పవలసిన ప్రశ్నలకు బదులుగా ప్రత్యామ్నాయ ప్రశ్నలు ఇచ్చే విధానం ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సంస్థ దీన్ని అమలు చేస్తుందో లేదో దరఖాస్తు సమయంలోనే రాసి కనుక్కోవాలి. పట్టిక సంగతి వేరు, దాన్ని వదులుకోనక్కరలేదు. స్క్రీన్ రీడర్‌లో అయితే కంట్రోల్, ఆల్ట్, బాణం మీటలతో గడి నుంచి గడికి వెళ్లవచ్చు. పట్టికను బొమ్మగా కాక పట్టికగానే పెట్టి ఉండాలి, అంతే. స్క్రైబ్‌తో రాసేటప్పుడు నేను ఎడమచేతిని పట్టికగా వాడతాను. నాలుగు వేళ్లు నాలుగు నిలువు వరసలు, ఒక్కో వేలి మీది మూడు కణుపులు మూడు అడ్డు వరసలు. స్క్రైబ్ 'చూపుడు వేలు, రెండో కణుపు, రెండు లక్షల నలభై వేలు' అని చెబుతూ పోతే, బొటనవేలితో ఆ చోటును నొక్కి గుర్తుంచుకుంటాను. చిన్న పట్టికలకు ఇది పనిచేస్తుంది. పెద్ద బ్యాలెన్స్ షీటుకు మాత్రం ముందు శీర్షికలన్నీ చదివించుకుని, అవసరమైన అంకెలే అడగాలి.

## స్క్రైబా, స్క్రీన్ రీడరా

రెండింట్లో ఏది మంచిది?

ఉద్యోగంలో దేనితో పనిచేస్తున్నారో పరీక్షలో కూడా దాన్నే కోరుకోవడం సరైన పద్ధతి. ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్ల మీద చేయి తిరిగినవారికి వేరొకరి గొంతు మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు. ప్రశ్నను ఎన్నిసార్లయినా విసుగు లేకుండా, కావలసిన వేగంతో వినవచ్చు. నేను దానివైపే మొగ్గుతాను. అయితే చూపు ఇటీవలే పోయి, ఇంకా కీబోర్డు పట్టుబడనివారు మొహమాటానికి పోయి స్క్రీన్ రీడర్ ఎంచుకుంటే చేజేతులా మార్కులు పోగొట్టుకున్నవారవుతారు. ఎన్‌వీడీఏను డబ్బు కట్టకుండా దించుకోవచ్చు కనుక, పరీక్షకు ఆరు నెలల ముందు నుంచి రోజూ గంటసేపు వాడి చూసి అప్పుడు తేల్చుకోండి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న ప్రశ్నపత్రమైతే కేంద్రంలోని కంప్యూటరులో తెలుగు గొంతు ఉంటుందో లేదో అడగండి. ఇంగ్లిష్ గొంతు ఒక్కటే ఉంటే తెలుగు వాక్యాన్ని చాలాసార్లు మౌనంగా దాటిపోతుంది.

మా చెల్లెలు డిగ్రీ చదువుతోంది. తనను స్క్రైబ్‌గా తీసుకెళ్లవచ్చా?

2018 మార్గదర్శకాల్లో అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు, అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని ఉండేది. మీరు డిగ్రీ పూర్తిచేసి ఉంటే, ఇంకా డిగ్రీ చదువుతున్న చెల్లెలి అర్హతను ఇంటర్‌గా లెక్కిస్తారా లేదా అన్నది ఆ నోటిఫికేషన్‌లోని మాటల మీద ఆధారపడుతుంది. 2025లో కేంద్రం ఈ మార్గదర్శకాలను మళ్లీ సవరించి, పరీక్షా సంస్థలే స్క్రైబ్‌ల బృందాన్ని సిద్ధం చేసుకునే దిశగా నడుస్తోంది. అందుచేత పోయినసారి చెల్లిన స్క్రైబ్ ఈసారి చెల్లకపోవచ్చు. తాజా నోటిఫికేషన్ చదవకుండా ఎవరినీ ఖాయం చేసుకోకండి. స్క్రైబ్ గుర్తింపు కార్డు, చదువు ధ్రువపత్రాల నకళ్లు రెండేసి తీసుకెళ్లాలి. సంస్థే స్క్రైబ్‌ను ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందు కలిసి మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలని మార్గదర్శకాల్లో ఉంది. ఆ అవకాశాన్ని తప్పకుండా వాడుకోండి.

స్క్రైబ్‌తో సాధన ఎలా చేయాలి?

చదివే తీరు మీద ముందే ఒప్పందం ఉండాలి. 'కింది వాటిలో సరికానిది ఏది' అన్నప్పుడు 'కానిది' అన్న మాటను గట్టిగా ఒత్తి పలకాలి. నాలుగు జవాబులూ చదివాకే ఆగాలి. అంకెల్లో కామాలు, దశాంశ బిందువులు చెప్పాలి. 'ఇది తేలికేనండీ' అన్న వ్యాఖ్య చేయకూడదు. కనీసం మూడు పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని కలిసి రాయండి.

## పరీక్ష రోజు

ఇంటి నుంచే కెమెరా ముందు రాసే పరీక్ష ఎంచుకోవచ్చా?

ప్రయాణం తప్పుతుందని చాలామంది దీనివైపు చూస్తారు కానీ, నేను వద్దంటాను. ఇంటి పరీక్షలో వాడే భద్రతా బ్రౌజర్ మిగతా సాఫ్ట్‌వేర్లన్నింటినీ నిలిపివేస్తుంది, అందులో స్క్రీన్ రీడర్ కూడా పోవచ్చు. మొదలుపెట్టే ముందు గది నాలుగు మూలలూ కెమెరాలో చూపించమంటారు, గుర్తింపు కార్డును ఒక చట్రంలో సరిగ్గా పట్టుకోమంటారు. అల్పదృష్టి ఉన్నవారు తెరకు జానెడు దూరంలోకి వంగి చదువుతారు. అప్పుడు ముఖం కెమెరా నుంచి తప్పుకుంటుంది. నిస్టాగ్మస్ వల్ల కనుపాపలు వాటంతట అవే కదిలేవారిని, పక్కకు చూసి కాపీ కొడుతున్నారని యంత్రం అనుమానించే ప్రమాదం ఉంది. తప్పనిసరై ఇంటి నుంచే రాయవలసి వస్తే, మీ కంటి కదలికల గురించి, కూర్చునే తీరు గురించి అనుమతి పత్రంలోనే రాయించుకోండి.

కేంద్రానికి వెళ్లాక స్క్రీన్ రీడర్ పనిచేయకపోతే?

అందుకే పరీక్షకు ఒక రోజు ముందు కంప్యూటరును సరిచూసుకునే అవకాశం ఇవ్వాలని 2018 మార్గదర్శకాల్లో పెట్టారు. సొంత ల్యాప్‌టాప్‌ను అనుమతించరు, మీకు అలవాటైన కీబోర్డు వంటి ఉపకరణాలను అనుమతించాలి. ముందురోజు వెళ్లినప్పుడు గొంతు వినిపిస్తోందా అన్నదొక్కటే చూసి వచ్చేయకూడదు. మాదిరి ప్రశ్న తెరిపించి జవాబు గుర్తించి చూడండి. ఒకసారి నేను బాణం మీట నొక్కితే ప్రశ్న ఉండాల్సిన చోట 'గ్రాఫిక్, క్యూ అండర్‌స్కోర్ నలభై ఏడు డాట్ పీఎన్‌జీ' అని మాత్రమే వినిపించింది. ప్రశ్నలన్నీ బొమ్మలుగా పెట్టారన్నమాట. ముందురోజే తెలిసింది కాబట్టి స్క్రైబ్‌ను ఏర్పాటు చేయించుకోగలిగాను. అందుకే స్క్రీన్ రీడర్ ఎంచుకున్నా, అత్యవసరంలో స్క్రైబ్ ఇవ్వాలన్న మాటను అర్జీలో చేర్చడం మంచిది.

తెర మీద మిగిలిన సమయం, ప్రశ్నల రంగులు ఎలా తెలుస్తాయి?

మన ఆన్‌లైన్ పరీక్షల్లో పక్కన ప్రశ్న సంఖ్యల పట్టీ ఒకటి ఉంటుంది. జవాబు ఇచ్చినవి ఆకుపచ్చ, ఇవ్వనివి ఎరుపు, మళ్లీ చూడాలనుకున్నవి ఊదా రంగులో కనిపిస్తాయి. రంగు వెనక మాట రాసి ఉండకపోతే స్క్రీన్ రీడర్‌కు అవన్నీ ఒకటే. వదిలేసిన ప్రశ్నల సంఖ్యలను బ్రెయిలీ పలకపై గుచ్చుకోవడమో, స్క్రైబ్ చేత రఫ్ కాగితం మీద రాయించుకోవడమో చేయండి. గడియారం ఇంకో తలనొప్పి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది అసలు వినిపించదు. మరికొన్నింటిలో ప్రతి సెకనూ తనంతట తానే పలుకుతూ, ప్రశ్నను సగంలో తుంచేస్తుంది. రెండింటికీ మందు ఒకటే: అరగంటకు ఒకసారి సమయం నోటితో చెప్పమని ఇన్విజిలేటర్‌ను మొదట్లోనే కోరడం. భూతద్దం సాఫ్ట్‌వేర్ వాడేవారు నల్లని తెరపై తెల్లని అక్షరాలు వచ్చేలా మార్చుకోవచ్చునా అన్నది కూడా మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

అదనపు సమయం మంజూరైంది కదా, ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

ఉండకూడదు. నాకు ఒక పరీక్షలో 40 నిమిషాలు మంజూరై, పత్రం చేతిలో ఉంది. హాజరు పట్టీలో కూడా అదే రాశారు. సరిగ్గా 120 నిమిషాలు కాగానే తెర 'మీ పరీక్ష సమర్పించబడింది' అంది. ఇంకా 11 ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. మంజూరైన సమయాన్ని సర్వర్‌లో ఎవరూ ఎక్కించలేదు, కేంద్రంలో ఉన్నవారికి దాన్ని మార్చే అధికారం లేదు. సూచనల పేజీలో మొత్తం వ్యవధి ఎంత ఉందో, 120కి బదులు 160 కనిపిస్తోందో లేదో చదివించుకుని, ఆ తర్వాతే 'ప్రారంభించు' నొక్కాలని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను. తేడా ఉంటే మొదలుపెట్టకండి. మొదలుపెట్టకముందు సరిదిద్దడం నిర్వాహకులకు చిన్న పని, మొదలయ్యాక అది ఎవరి చేతిలోనూ ఉండదు.

## ఆ తర్వాత

అమెరికాలో ఉంటున్నాను. అక్కడి లైసెన్సు పరీక్షలకు ఏ చట్టం వర్తిస్తుంది?

అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టంలోని 309వ సెక్షన్ లైసెన్సు, సర్టిఫికేషన్ పరీక్షల గురించే చెబుతుంది; వాటిని నిర్వహించే ప్రైవేటు సంస్థలకూ అది వర్తిస్తుంది. పరీక్ష అభ్యర్థి జ్ఞానాన్ని కొలవాలే తప్ప వైకల్యాన్ని కొలవకూడదన్నది అక్కడి నియమం. కాలిఫోర్నియాలో స్టెఫనీ ఎన్యార్ట్ అనే న్యాయశాస్త్ర పట్టభద్రురాలు బార్ పరీక్షకు (న్యాయవాదిగా లైసెన్సు పొందే పరీక్ష) జాస్, అక్షరాలను పెద్దవి చేసి చూపే జూమ్‌టెక్స్ట్ ఉన్న కంప్యూటర్ కోరగా, నిర్వాహకులు చదివిపెట్టే మనిషిని, పెద్దక్షరాలను ఇస్తామన్నారు. 2011లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఆమె పక్షాన నిలిచింది. ఏదో ఒక సౌకర్యం ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదన్న వాదనకు అక్కడ నేటికీ ఈ తీర్పే ఆధారం.

పరీక్షా కేంద్రంలో అన్యాయం జరిగింది. ఎవరికి, ఎప్పటిలోగా ఫిర్యాదు చేయాలి?

కేంద్రం నుంచి బయటకు రాకముందే చేయాలి. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాయించి, కేంద్రం బాధ్యుని సంతకం, సమయం వేయించుకుని ఒక నకలు తీసుకోండి. సంతకం చేయకపోతే ఆటో ఎక్కేలోపే అదే విషయాన్ని ఈమెయిల్‌గా పంపండి. ఫలితాలు వచ్చేదాకా ఆగితే, ఫెయిల్ అయ్యాడు కాబట్టి సాకులు చెబుతున్నాడన్న మాట పడవలసి వస్తుంది. సంస్థ స్పందించకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు, దేశవ్యాప్త సంస్థ అయితే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. న్యాయవాది లేకుండా స్వయంగానే పంపుకోవచ్చు. లేఖలో జరిగిన అవమానం గురించి పేజీలకు పేజీలు రాయకుండా, మంజూరైనది ఏమిటి, ఇచ్చినది ఏమిటి, తేడా వల్ల ఎన్ని ప్రశ్నలు పోయాయి, ఇప్పుడు ఏం కోరుతున్నారు అన్న నాలుగే చెప్పండి. నా 11 ప్రశ్నల ఫిర్యాదు ఒకటిన్నర పేజీకి మించలేదు. రుసుము లేకుండా మళ్లీ రాసే అవకాశం ఏడు వారాల తర్వాత వచ్చింది, ఆ రోజు సూచనల పేజీలో 160 నిమిషాలు అని ఉంది.